మన ఇంటి చదువు, సర్కారు బడి: తల్లిదండ్రులుగా మనం ఏం అడగాలి?

(ఆదివాసీ యువతీయువకులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు ఎంత గొప్పదో నేను చెప్పను, అది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ కూర్చున్న ప్రతి అమ్మ, ప్రతి అయ్య కన్నీళ్లు ఆపుకుని ఆరేళ్ల పిల్లని ఆశ్రమ బడిలో వదిలి వచ్చినవాళ్లే. యువకులు, మీరు అట్ల వదిలివెళ్తే పెరిగినవాళ్లే. నా ప్రశ్న వేరే. బడిలో వేసిన తర్వాత ఆ బడి నుంచి మనం ఏం ఆశిస్తున్నాం? సారును, మేడమ్‌ను ఏం అడుగుతున్నాం?

ఏ గూడెంలో అడిగినా జవాబు దాదాపు ఒకటే వస్తది. "సారు కొట్టకుంటే చాలు. కడుపునిండ అన్నం పెడితే చాలు. జరం వస్తే కబురు చేస్తే చాలు." చాలు, చాలు, చాలు. మన ఆశ అక్కడే ఆగిపోయింది. పట్నంలో తల్లి బడికి పోతే "మా అమ్మాయికి భిన్నాలు ఎందుకు అర్థం కావట్లేదు, మీరు ఏ పద్ధతిలో చెప్పారు" అని అడుగుతది. మనం పిల్ల బతికి ఉంటే చాలని అడుగుతున్నాం. ఇది మన తప్పని అనట్లేదు. ఆశ్రమ బడుల్లో జరాలొచ్చి, తిండి వికటించి పిల్లలు పోయిన వార్తలు వింటున్నవాళ్లం, మొదట ప్రాణమే అడుగుతాం. కానీ ఆ ఒక్కటే అడిగితే సర్కారుకు కూడా ఆ ఒక్కటి ఇస్తే చాలని అలవాటైంది. ఒక్కోసారి అది కూడా ఇవ్వట్లేదు.

ఇప్పుడు ఒక ముచ్చట చెప్తాను. హైదరాబాద్‌లో, బెంగళూరులో బాగా చదువుకున్న తల్లిదండ్రులు కొందరు పిల్లల్ని బడికి పంపడం మానేశారు. ఇంట్లోనే చదివిస్తున్నారు. హోమ్ స్కూలింగ్ అంటారు దాన్ని. బడిలో పిల్లల్ని బట్టీ యంత్రాలు చేస్తున్నారని వాళ్ల బాధ. ఆ పిల్లలు ఇంట్లో వంట చేస్తూ కొలతలు నేర్చుకుంటారు. కుండీలో విత్తనం వేసి మొలకను గమనిస్తారు. సెలవుల్లో పల్లెకు పోయి వరి ఎట్ల పండుతదో చూస్తారు. 14 ఏళ్లు దాటాక సార్వత్రిక విద్యా సంస్థ నుంచి పదో తరగతి పరీక్ష రాస్తారు. వాళ్లను నేను తప్పు పట్టను, పిల్లల గురించి ఆలోచించారు.

ఇక మన పిల్లను చూడండి. ఇప్పపువ్వు కాలంలో పది రోజులు అమ్మతో అడవికి పోయింది. ఏ చెట్టు పువ్వు ముందు రాలుతదో, ఏ చెట్టు పువ్వు తియ్యగా ఉంటదో, పచ్చి పువ్వు ఎన్ని రోజులు ఎండితే నిలవ ఉంటదో తెలుసుకుంది. బడి రిజిస్టర్‌లో ఆ పది రోజులకు ఏం రాశారు? ఆబ్సెంట్. ఇంకొన్నాళ్లు పోతే డ్రాపౌట్. పట్నం పిల్ల కుండీలో మొక్క పెంచితే ప్రాజెక్టు, మన పిల్ల అడవిలో చెట్టును చదివితే గైర్హాజరు. ఒకే పని. చేసినవాళ్లను బట్టి పేరు మారిపోయింది.

తునికాకు సంగతే తీసుకోండి. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అంటే బస్తాకు 50,000 ఆకులు. ఎండల్లో కల్లం దగ్గర నాలుగో తరగతి పిల్లవాడు అమ్మ కట్టిన కట్టలు లెక్కపెట్టి, కల్లేదారు రాసిన లెక్కతో సరిపోయిందో లేదో చూసి, కట్టకు రేటు ఇంత అయితే ఈ రోజుకు ఎంత రావాలో నోటితో చెప్తాడు. కల్లేదారు పది కట్టలు తీసేస్తే పట్టుకుంటాడు. అదే పిల్లవాడు జూన్‌లో బడికి వస్తే "వీడికి గుణకారం రాదు" అంటారు. గుణకారం వచ్చు. బోర్డు మీద గుణకారం గుర్తు, పుస్తకంలో యాపిళ్లు, రైలు టికెట్లు, ఇవి వాడికి కొత్త. ఆ రెండిటి మధ్య ఒక వంతెన వెయ్యడమే టీచర్ పని. బీఎడ్‌లో మొదట చెప్పే పాఠం ఇదే: తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలని. కానీ పిల్లకు ఏం తెలుసో టీచర్‌కు తెలియకపోతే ఎక్కడినుంచి మొదలుపెడతారు?

భాష దగ్గరకొస్తే ఇంకా కష్టం. కోయలో, గోండిలో ఏరు అంటే నీళ్లు. తెలుగు పుస్తకంలో ఏరు అంటే వాగు. మనకు నారు అంటే ఊరు. తెలుగు వాచకంలో నారు అంటే పొలంలో నాటే మొలకలు. ఒకటో తరగతి కోయ పిల్ల "రైతు నారు పోశాడు" అనే వాక్యం వింటే ఏం అనుకోవాలి? ఊరిని పోశాడా? నోరు మూసుకుని కూర్చుంటది. మేడమ్ అనుకుంటది ఈ పిల్ల మందమతి అని. పిల్ల అనుకుంటది నేను మందమతినేమో అని. మేడమ్ అనుకున్నది బదిలీతో పోతది. పిల్ల అనుకున్నది జీవితాంతం ఉంటది.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన బాధ కాదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. వాడుక తెలుగు కోసం పోరాడాడని ఉపన్యాసాలు చెప్తారు. ఆయన అంతకంటే ముందే పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడులు పెట్టించాడన్న సంగతి ఆ రోజు ఎంతమంది చెప్తారు? పిల్ల మాట్లాడే భాషలో చెప్పాలన్న ఆలోచనకు ఆయన మన గూడేల దగ్గరే పనిచేశాడు. దండ వేసేవాళ్లు ఆ సగం వదిలేశారు. కుమ్రం భీం అమరుడైన తర్వాత, 1940లలో నిజాం సర్కారు ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ పెట్టింది. హైమన్‌డార్ఫ్ దొర ఉన్నప్పటి సంగతి. గోండిలో వాచకాలు చేశారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో పుస్తకాలు చేసి కొన్ని బడుల్లో మొదలుపెట్టారు. తర్వాత చాలాచోట్ల ఆగిపోయింది, కొన్నిచోట్ల వాలంటీర్లను పెట్టి లాగారు. ప్రతిసారీ పైనుంచి ఎవరో మంచివాళ్లు వచ్చి మొదలుపెడతారు, వాళ్లు పోగానే ఆగిపోతది. ఎందుకు ఆగింది అని కింద నుంచి తల్లిదండ్రులు అడగలేదు. అడిగే హక్కు మనకుందని ఎవరూ చెప్పలేదు.

టీచర్ల మీటింగుల్లో ఒక మాట అరిగిపోయిన రికార్డు లాగా వినిపిస్తది: "గిరిజన పేరెంట్స్‌కు శ్రద్ధ లేదు." ఆశ్రమ బడి అనేది ఎట్ల పుట్టింది? పిల్లని ఇంటి నుంచి, గూడెం నుంచి తీసి దూరంగా పెడితేనే బాగుపడతదన్న ఆలోచనతో పుట్టింది. తల్లి ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటది. ఆదివారం వచ్చి గేటు బయట చెట్టు కింద కూర్చుని పిల్లకు ఇంటి నుంచి తెచ్చింది తినిపించి పోతది. లోపలికి రమ్మని కుర్చీ వేసినవాళ్లు లేరు. ఇంటిని మొదట మీరే దూరం పెట్టి, తర్వాత ఇంటికి శ్రద్ధ లేదంటే ఎట్ల? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్టీల్లో అక్షరాస్యత 49 శాతం. అంటే మన తల్లుల్లో చాలామందికి ప్రోగ్రెస్ కార్డు చదవడం రాదు. చదివి వినిపించే పని ఎవరిది? చట్టం ఆ పని టీచర్‌కు అప్పజెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చూడండి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం పెట్టి, పిల్ల హాజరు ఎట్లుంది, నేర్చుకునే శక్తి ఎట్లుంది, ఎంతవరకు వచ్చిందో చెప్పడం టీచర్ విధి అని రాసి ఉంది. మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పమని అడగడం కూడా అందులోదే అని నేనంటాను.

కొందరు యువకులు నన్ను అడుగుతుంటారు. "అన్నా, బడి మన భాషను, మన పండుగను చంపుతుంటే మనం కూడా ఇంట్లోనే చదివిద్దాం, మన బడి మనమే పెట్టుకుందాం" అని. ఆ కోపం నాకు అర్థమైతది. కానీ నేను వద్దంటాను. ఇంట్లో చదివించాలంటే ఒకరు కూలికి పోకుండా ఇంట్లో కూర్చోవాలి. కూర్చోగలమా? మిరపకాయ ఏరడానికి నెలల తరబడి వలస పోయే కుటుంబం ఎక్కడ కూర్చుంటది? మనకు మధ్యాహ్న భోజనం, స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు అన్నీ బడి రిజిస్టర్‌లో పేరుతో ముడిపడి ఉన్నాయి. ఇంకోటి. మనం పిల్లల్ని తీసేస్తే సర్కారు బాధపడుతదనుకుంటున్నారా? పిల్లలు లేరని బడి మూసేస్తది. ఆంధ్రలో 2022లో 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి బడి నుంచి హైస్కూలుకు పంపినప్పుడు ఎంత గొడవైందో చూశాం. తర్వాత ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు, నిజమే. వాగు అవతలి బడికి చిన్న పిల్లని పంపడమంటే ఏమిటో మనకు తెలిసినంత ఆ జీవో రాసినవాళ్లకు తెలియదు. ఒక కిలోమీటరు లోపల ప్రాథమిక బడి ఉండాలన్నది విద్యాహక్కు నియమాల్లోనే ఉంది. ఉన్న బడిని మనం వదులుకుంటే రేపు దాన్ని తిరిగి తెచ్చుకోవడం ఇంకో ఉద్యమం.

అయితే ఇంటి చదువును వదలమని నేనట్లేదు. కరోనాలో రెండేళ్లు బడులు మూసినప్పుడు టీవీలో పాఠాలన్నారు, ఫోన్‌లో పాఠాలన్నారు. టవర్ లేని గూడెంలో ఏం పాఠాలు? అప్పుడు ఇంటర్, డిగ్రీ చదువుతూ ఊరికొచ్చిన మీలాంటి అక్కలు, అన్నలే చెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారు. ఏ భాషలో చెప్పారు? కోయలో చెప్పారు, గోండిలో చెప్పారు. పుస్తకం తెలుగులో, వివరణ మన భాషలో. ఎవరూ మీకు శిక్షణ ఇవ్వలేదు, అయినా పిల్లలకు అర్థమైంది. బడి తెరిచాక మీరు మానేశారు. సాయంత్రం ఒక గంట అది మళ్లీ మొదలుపెట్టండి. బడికి పోటీగా కాదు, బడి తోడుగా.

ఇక టీచర్ ఎవరన్న సంగతి. 2000 జనవరిలో వచ్చిన 3 నంబర్ జీవో మీకందరికీ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటిదాకా ఉద్యోగంలో ఉన్నవాళ్లను తియ్యలేదు గానీ, మళ్లీ నూరు శాతం పెట్టొద్దని చెప్పి రెండు రాష్ట్రాలకు ఖర్చులు కూడా విధించింది. అప్పటినుంచి మన ర్యాలీలన్నీ ఉద్యోగాల కోసమే. ఉద్యోగం కావాలి, తప్పకుండా కావాలి. కానీ ఆ జీవో పుట్టింది ఉద్యోగాల కోసమే అయితే అది సగం కథే. ఏజెన్సీ బడికి టీచర్ రాకపోవడం, వచ్చినా భాష తెలియకపోవడం, దీనికి మందుగా పుట్టింది. మనం దాన్ని నిరుద్యోగుల సమస్యగా మాత్రమే చెప్పాం. ఆరేళ్ల పిల్ల తల్లి సమస్యగా చెప్పలేదు. చెప్పి ఉంటే తీర్పు మారేదని నేననను. ఊళ్లలో మాత్రం తల్లులు ముందు నిలబడేవాళ్లు.

ఇప్పుడైనా అట్ల చెప్పొచ్చు. ఎవరు వచ్చినా సరే, కోయ గూడెంలో ఒకటి రెండు తరగతులకు చెప్పే టీచర్‌కు కోయ రావాలి, సవర గూడెంలో సవర రావాలి. వచ్చి రెండేళ్లలో నేర్చుకోవాలి, పరీక్ష పాసవ్వాలి. ఇది కుదరదంటారా? 2023లో కేంద్రం ఏకలవ్య బడులకు దేశమంతా ఒకే పరీక్ష పెట్టి టీచర్లను తీసుకున్నప్పుడు హిందీ రావాలన్న షరతు పెట్టింది. హిందీ రావాలని షరతు పెట్టగలిగిన సర్కారుకు, ఆ బడిలో కూర్చున్న పిల్లల భాష రావాలని షరతు పెట్టడం ఎందుకు చేతకాదు? చిన్న తరగతులకు వీలైనంతవరకు మాతృభాషలో చెప్పాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, రాజ్యాంగం 350ఏ అధికరణం చెప్తూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక అక్క లేచి "మాకు ఇంగ్లీష్ కావాలి, నువ్వు కోయ అంటావేంది, మా పిల్లలు మళ్లీ అడవిలోనే ఉండాల్నా" అని అడుగుతది. ప్రతి మీటింగులో అడుగుతారు, అడగాలి కూడా. అక్కా, ఇంగ్లీష్ కావాలి. నేను కూడా మా ఇంట్లో పిల్లలకు ఇంగ్లీష్ రావాలనే చూస్తాను. కానీ తెలుగే అర్థం కాని పిల్లకు తెలుగులో ఇంగ్లీష్ చెప్తే రెండూ రావు. ముందు తన భాషలో చదవడం, రాయడం అంటే ఏమిటో పట్టుకుంటే, తెలుగు రెండేళ్లలో వస్తది, ఇంగ్లీష్ దాని వెనకే వస్తది. కుదురుగా కూర్చోబెట్టి అన్నం కలిపి పెడితే పిల్ల తింటది. వేడి వేడిగా నోట్లో కుక్కితే ఉమ్మేస్తది. అట్లే ఇదీ. ఫీజు కట్టి ప్రైవేటు ఇంగ్లీష్ మీడియంలో వేసినవాళ్లు ఆ పిల్లని ఇంటికొచ్చాక తన మాటల్లో నాలుగు వాక్యాలు చెప్పమనండి. టై, బెల్టు చూసి మోసపోవద్దు.

టీచర్లను కూడా నేను ఒక మాటతో తోసెయ్యను. ఏజెన్సీలో ఒక్క టీచరే అయిదు తరగతులు చూసే బడులు ఎన్నో. యాప్‌లలో వివరాలు పెట్టడానికే సగం పూట పోతది. సీఆర్టీలు ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతం మీద ఉన్నారు. మీకు తెలుసా, చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్‌ను పంపకూడదని 27వ సెక్షన్. ఇవి అడిగితే టీచర్‌కు కూడా మేలే. ఒంటరి టీచర్ కోసం తల్లిదండ్రులు అర్జీ పెట్టినచోట ఆ టీచర్ మనతో వేరేగా మాట్లాడతారు, నేను చూశాను.

అడగడానికి చోటు ఏదంటారా? ప్రతి ప్రభుత్వ బడికీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది, వచ్చిన డబ్బులు ఎట్ల ఖర్చవుతున్నాయో చూసేది ఆ కమిటీ. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాలతో ఇంకోటి పెట్టారు. ఏ పేరైనా, చాలాచోట్ల మన అమ్మల వేలిముద్రలు తీసుకుని రిజిస్టర్ మూసేస్తున్నారు. మన ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉంటే ఇంకో బలం ఉంది. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, అందులో పనిచేసే ఉద్యోగుల మీద అదుపు అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. సామాజిక రంగం అంటే బడి కూడా. గ్రామసభలో ఇసుక మీద, పోడు మీద తీర్మానం చేస్తున్నాం. బడి మీద ఎప్పుడైనా చేశామా?

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఉంటున్న గుత్తికోయ కుటుంబాల పిల్లల గురించి కూడా ఒక మాట. జనన ధ్రువపత్రం లేదని, ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోతే వెనక్కి రాకండి. వయసు రుజువు లేదని ఏ పిల్లనీ తిప్పి పంపకూడదని 14వ సెక్షన్. బడి మధ్యలో మానేసిన పిల్లని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్. ఈ రెండు నంబర్లు చదువుకున్న పిల్లలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. అప్పటికి ముందే కూర్చోండి. కమిటీలో ఎవరి పేర్లున్నాయో హెచ్‌ఎం దగ్గర జాబితా అడగండి. మీటింగ్ సంత రోజు పెట్టమనండి, ఆశ్రమ బడి అయితే అమ్మానాన్నలు పిల్లల్ని చూడటానికి వచ్చే ఆదివారం పెట్టమనండి. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. అమ్మలు మన భాషలో మాట్లాడనివ్వండి, మీలో ఒకరు పక్కన కూర్చుని తెలుగులో రాయండి. "సారు కొట్టకుంటే చాలు" దగ్గర ఆపొద్దు. మా పిల్లకు చదవడం వచ్చిందా, మా ముందు ఒక పేజీ చదివించండి అని అడగమనండి. ఇప్పపువ్వు కాలానికి, భూమి పండుగకు బడి క్యాలెండర్‌లో చోటెక్కడ అని అడగమనండి. గూడెంలో విత్తనాలు తెలిసిన ముసలమ్మను నెలకొకసారి తరగతిలోకి పిలుస్తారా అని అడగమనండి. చెప్పిన ప్రతి మాట మినిట్స్ బుక్‌లో ఎక్కిందో లేదో చూసి, గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాతే అమ్మల చేత వేలిముద్ర వేయించండి. ఆ పేజీ ఫోటో తీసుకోండి. ఒక కాపీ ఐటీడీఏ పీవో ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని రండి.